చెరపని లైను

నీగతా,
1979 అక్టోబరు

ఒరేయ్ షియోమీ,

ఉత్తరం మొదట్లో ఋతువు సంగతి రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. గింకో చెట్ల ఆకులు పసుపెక్కాయి. వాటి పళ్లు మన గణితశాఖ మెట్ల మీద రాలి కంపు కొడుతున్నాయి. ఏటా జారిపడే మెట్టు మీదే ఈ ఏడాదీ జారిపడ్డాను. మర్యాద తీరింది.

శాఖలో జరిగే సమావేశాలన్నీ ఈ ఏడు నా నెత్తిన పెట్టారు. బయటివాళ్ల ఉపన్యాసాలు, వాటికి ముందు టీ, నోటీసు బోర్డు మీద పోస్టర్లు, అయ్యాక అందరినీ సాకే సారా దుకాణానికి తీసుకెళ్లడం, అక్కడ తాగి తగువుపడ్డవాళ్లని ఆఖరి బస్సెక్కించడం. ఇన్నేళ్లు చదివింది కుర్చీలు వేయించడానికేనా అని మా ఆవిడ అడుగుతోంది.

అసలు సంగతి. మార్చిలో తొగాషి మాస్టారు పదవీ విరమణ చేస్తున్నారు. ఫిబ్రవరి ఆఖరి శనివారం ఆయన చివరి పాఠం. పెద్ద హాలు అడిగాను. తోక్యో నుంచి, క్యోతో నుంచి వస్తామని అప్పుడే ఉత్తరాలొచ్చాయి. పాత శిష్యులందరికీ అచ్చేసిన పిలుపులు వెళ్లాయి. నీకు పంపితే పొయ్యిలో పెడతావని తెలుసు కాబట్టి చేత్తో రాస్తున్నాను.

మాస్టారు బాగానే ఉన్నారు. శనివారం సెమినారు ఇంకా నడుస్తోంది. ఒక్క మార్పు. ఈ ఏడు విద్యార్థుల చేత చెప్పించడం మానేసి ఆయనే బోర్డు దగ్గర నిలబడుతున్నారు. "నా సిద్ధాంతాన్ని మొదటినుంచీ ఒక్కసారి నేనే చెప్పుకుంటాను" అన్నారు. అన్నేళ్లు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని 'ఎందుకు?' అన్న మనిషి సుద్దముక్క పట్టుకుంటే మాకు పండగలాగే ఉంది.

నువ్వు రావాలి. వస్తే మా ఇంట్లోనే దిగు. తాగితే నువ్వు పాడే పాట మా ఆవిడ ఇంకా మర్చిపోలేదు. మర్చిపోవాలని ప్రయత్నం చేసిందట.

నీ
ఇనుయి


ర్యోత్సు, సాదో ద్వీపం,
అక్టోబరు చివర

సమావేశాల నిర్వాహకులు ఇనుయి గారి సముఖానికి,

తమరి ఆహ్వానం అందింది. ఇక్కడ గింకోలు లేవు. మా ఆవిడ తొషి పర్సిమన్ పళ్లు ఒలిచి ఎండడానికి చూరుకి వేలాడదీస్తోంది, ఇల్లంతా ఈగలు. మా మత్స్య పాఠశాలలో పిల్లలకి త్రిభుజాలు చెబుతున్నాను. పడవ ఎక్కడుందో తెలుసుకోవడానికి పనికొస్తాయి కాబట్టి వింటారు. ఎందుకని మాత్రం ఒక్కడూ అడగడు. నాకదే హాయి.

నేను రాను.

మాస్టారి మీద కోపం అనుకోకు. మనిషి మీద కోపమైతే ఎప్పుడో చల్లారేది. నా కోపం ఆ గది మీద, ఆ పద్ధతి మీద. చేతిలో కాగితం ఉండకూడదు. తెలిసినదంతా తలలోంచే బోర్డు మీదికి రావాలి. వెనక కుర్చీలోంచి 'ఎందుకు?' అని వినిపిస్తే జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే గంట కొట్టేదాకా నిలబడాలి. పక్కనుంచి ఎవరూ అందించకూడదు. గంట కొట్టాక ఆయన లేచి, కోటు వేసుకుని, "వచ్చే శనివారం ఈ లైను దగ్గర్నుంచే" అనాలి. ఆ లైనుకి చుట్టూ గీత గీసి 'చెరపవద్దు' అని అట్టముక్క తగిలించాలి. వారమంతా ఆ గదిలోకి వచ్చినవాళ్లందరూ, ఎవడు ఎక్కడ ఆగిపోయాడో చూడాలి.

నేను 'ఇది సుస్పష్టం' అని రాశాను. "ఎందుకు?" అన్నారు. అంతే. ఒక శనివారం కాదు, వరసగా ఎన్ని శనివారాలో నీకూ తెలుసు. నా చొక్కా వీపున తడిసేది. మీరంతా కుక్కిన పేనుల్లా కూర్చునేవారు. నువ్వు మాత్రం కూర్చుని పెన్సిలు చెక్కుకునేవాడివి. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. తర్వాతి శనివారం సెమినారుకి రాకుండా బోటెక్కాను. పదహారేళ్లయింది.

చాలాకాలంగా ఒక్కటి అడగాలనుకున్నాను. ఆ లైనుకి జవాబు నీకప్పుడు తెలుసా?

షియోమి


నీగతా,
నవంబరు

ప్రియమైన షియోమీ,

నువ్వు పంపిన ఎండు పర్సిమన్లు అందాయి. కృతజ్ఞతలు. మా ఆవిడ నాకు రెండు ఇచ్చి మిగతావి దాచింది.

పనులతో తీరిక లేదు. పెద్ద హాలు కోసం రసాయనశాఖ వాళ్లు అడ్డం తిరిగారు, వాళ్ల దగ్గరా ఎవరో రిటైరవుతున్నారట. చివరికి వాళ్లకి పొద్దున, మనకి మధ్యాహ్నం. పోస్టరు మీద మాస్టారి ఫోటో వేద్దామని కొందరు, వద్దని కొందరు. ఆయన్నే అడిగితే, "సిద్ధాంతం వేయండి, ముఖం దేనికి?" అన్నారు. సియోల్ నుంచి వచ్చిన ఒకాయన కిందటి బుధవారం ఉపన్యాసం ఇచ్చారు. బాగా చెప్పారు. టీ పొడి అయిపోయింది.

శనివారం సెమినారు కాస్త నెమ్మదిగా నడుస్తోంది. కొన్ని వారాలుగా ఒకే లైను మీద ఉన్నాం. చలి కదా, వినేవాళ్లు కూడా తగ్గారు. హాన్‌జావా అని కొత్తగా పరిశోధనకి చేరిన అమ్మాయి మాత్రం తప్పకుండా వస్తోంది.

రావడం గురించి ఇంకోసారి ఆలోచించు. ఆరోగ్యం జాగ్రత్త.

ఇనుయి


ర్యోత్సు,
డిసెంబరు

ఇనుయీ,

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. పోనీ. దానికంటే ముఖ్యమైనది ఇంకోటుంది.

నీ ఉత్తరం తొషికి చదివి వినిపించాను. "ఈయన ఎవరికో భయపడుతూ రాశాడండీ" అంది. నిజమే. నీ ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు. 'ప్రియమైన' అని మొదలుపెట్టావు. పాతికేళ్ల స్నేహంలో నేను నీకెప్పుడు ప్రియమైనవాణ్ణి?

ఒకే లైను మీద కొన్ని వారాలుగా ఉన్నామన్నావు. చెబుతున్నది మాస్టారన్నావు. అయితే 'ఎందుకు?' అని అడిగిందెవరు? ఆ గదిలో ఆ మాట ఆయన తప్ప ఇంకొకరు అనడం నేనెరగను.

ఏం జరుగుతోంది? దాచకు. నీకు దాచడం రాదు, టీ పొడి గురించి రాస్తావు.

ఇక్కడ సముద్రం లేచింది. రెండు రోజులకోసారి బోటు ఆపేస్తున్నారు. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు.

షియోమి


నీగతా,
1980 జనవరి

ఒరేయ్ షియోమీ,

నీ ఉత్తరం కొత్త సంవత్సరం కార్డులతో కలిసి వచ్చింది. ఆ కార్డులకే ఇంకా జవాబులు రాయలేదు, నీకు రాస్తున్నాను.

మాస్టారి సిద్ధాంతం నీకు గుర్తుందిగా. అన్నిటినీ ఒకదానికొకటి దగ్గరికి జరిపే అమరిక; ఏ రెండు బిందువులు తీసుకున్నా, జరిగాక ముందుకంటే దగ్గరవుతాయి. అందులో కదలకుండా ఉండిపోయే బిందువు ఒకటి ఉంటుందని చూపించడమే కష్టమంతా. విదేశాల్లో పుస్తకాలకెక్కింది అదే. దాన్ని ఆయన ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కాగితం ముట్టకుండా, ఒక్క గుర్తు తప్పకుండా చెప్పారు. నేను ముగ్ధుణ్ణయి విన్నాను. ఇక మిగిలింది ఆఖరి లైను. "కాబట్టి అలాంటి బిందువు ఒక్కటే ఉంటుంది." రెండో సంవత్సరం కుర్రాడు కూడా కాఫీ కలుపుకుంటూ చెప్పేస్తాడు దాన్ని.

ఆ లైను రాశారు. చుక్క పెట్టారు. మా వైపు తిరిగి ఆయనే "ఎందుకు?" అన్నారు. మేం నవ్వాం. ఆయన బోర్డు వైపు తిరిగారు. మమ్మల్ని ఆలోచించమంటున్నారనుకున్నాను. చాలాసేపు అలాగే అనుకున్నాను. తర్వాత సుద్దముక్క పట్టుకున్న చెయ్యి చూశాను. అది రాయడానికి లేచి, మళ్లీ దిగుతోంది. అప్పుడు అర్థమైంది. గంట కొట్టింది. ఆయన ఆ లైను చుట్టూ గీత గీసి, అట్టముక్క తనే తగిలించి, "వచ్చే శనివారం ఈ లైను దగ్గర్నుంచే" అన్నారు.

తర్వాతి శనివారం మళ్లీ అక్కడే. ఆపై శనివారం కూడా అక్కడే. హాన్‌జావా ఒకసారి ఉండబట్టలేక, మెల్లగా ఏదో అందించబోయింది. "మీరు నాకు సహాయం చేస్తున్నారా?" అన్నారు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. ఆ అమ్మాయి బయటికెళ్లి ఏడ్చింది. తర్వాత ఇంకెవరూ నోరెత్తలేదు. ఆయన మనకి నేర్పిన పద్ధతి అదే కదా, ఇప్పుడు దాన్ని ఆయన మీదే పాటిస్తున్నాం.

మన శాఖాధిపతి కానో గారికి సంగతి తెలిసింది. "జలుబు చేసిందని చెప్పి చివరి పాఠం రద్దు చేసేద్దాం, ఇనుయి. పూలగుత్తి ఇంటికి పంపిద్దాం. అందరికీ గౌరవంగా ఉంటుంది," అన్నారు. రేపు చెబుతానని లేచి వచ్చేశాను. మర్నాడు మాస్టారి భార్య, మన అమ్మగారు, నా గదికి వచ్చారు. వెదురాకుల్లో చుట్టిన పిండి ఉండలు తెచ్చారు.

"ఆ పాఠం ఆపించమని అడుగుదామని వచ్చాను," అన్నారు. టీ ఇచ్చాను. తాగారు. "ఆపించొద్దని అడుగుదామని కూడా వచ్చాను."

"ఇంట్లో ఎలా ఉంటున్నారమ్మా?"

"నన్ను గుర్తుపడతారు. ఏ బూటు ఏ కాలిదో చూసుకోవడానికి సేపు పడుతుంది. ఏ రోజైనా ఇవాళ శనివారమా అని అడుగుతారు. శనివారం వస్తే మాత్రం వేరే మనిషి. తనే లేచి, తనే టై కట్టుకుంటారు. ఆ ఒక్క రోజునీ ఆనుకునే మిగతా రోజులు నిలబడుతున్నాయి, ఇనుయి గారూ. అది తీసేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అంతమంది ముందు ఆయన ఆగిపోతే ఏమవుతుందో మాత్రం తెలియదు."

నేను కానో గారి దగ్గరికెళ్లి, పాఠం జరుగుతుందని చెప్పాను. జరగాలంటే ఆయన ఆ లైను దాటాలి. అందరి ముందూ పరువు దక్కాలంటే అదొక్కటే దారి.

ఒక ఉపాయం తోచింది. సెమినారులో జవాబు అందించకూడదు. ప్రశ్న అడగకూడదని ఎవరూ అనలేదు. ఆయన ఆగగానే హాల్లోంచి ఒకడు లేచి, నిజంగా అర్థం కానట్టు అడగాలి: "అలాంటివి రెండున్నాయనుకుంటే, అవి కదలవు కదా మాస్టారూ, మరి వాటి మధ్య దూరం ఎలా తగ్గుతుంది?" ఆ ప్రశ్న పొట్టలోనే జవాబుంది. వినగానే ఆయన అందుకుంటారు, నాకు నమ్మకం ఉంది. కానీ పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? నేను అడిగితే ఆయనకి తెలిసిపోతుంది, నేను నెలల తరబడి ఆ లైను ముందు కూర్చున్నవాణ్ణి. తోక్యోవాళ్లకి చెబితే సంగతి దేశమంతా పాకుతుంది. దూరం నుంచి వచ్చినవాడు అడగాలి. అర్థం కానట్టు ముఖం పెట్టడంలో నిన్ను మించినవాణ్ణి నేను చూడలేదు.

నువ్వడిగినదానికి జవాబు. తెలియదురా. తెలియకే పెన్సిలు చెక్కుకునేవాణ్ణి. తెలిసుంటే చెప్పేవాడివా అని అడక్కు. ఇప్పుడు తెలిసీ కూర్చుంటున్నాను కదా.

రా.

ఇనుయి


ర్యోత్సు,
ఫిబ్రవరి మొదట్లో

ఇనుయీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ జేబులోనే ఉంది. మొదట నాకు వచ్చింది కోపమే, దాచను. నేను నిలబడ్డప్పుడు పొట్టలో జవాబున్న ప్రశ్న ఒకటి అడగొచ్చని మీలో ఒక్కడికీ తోచలేదు. తెలియనివాడికి తోచదులే. తర్వాత ఆ చెయ్యి లేచి దిగడం గురించి రాశావు కదా, అక్కడే ఆగిపోయాను. ఆ చెయ్యి నాకు తెలుసు. అప్పుడు నాదీ అలాగే లేచి దిగేది.

వస్తాను. శనివారం పొద్దుటి బోటుకి బయల్దేరితే మధ్యాహ్నానికి అందుకుంటాను. హెడ్మాస్టరుని సెలవడిగాను. "పెళ్లా, చావా?" అన్నాడు. రెండూ కాదన్నాను.

నీ ప్రశ్నని మా తరగతిలో వాడి చూశాను. బోర్డు మీద బొమ్మ గీసి, అర్థం కానట్టు ముఖం పెట్టి అడిగాను. వెనక బెంచీవాడు, "జవాబు మీరే చెప్పేసి మళ్లీ మమ్మల్నడుగుతారేంటండీ?" అన్నాడు. ఇంకా తెలివితక్కువగా అడగడం సాధన చేస్తున్నాను. తొషి ముందు అడిగితే, "మీరు మామూలుగా మాట్లాడితే చాలు" అంది.

ముందు వరసలో చివర కుర్చీ ఉంచు.

షియోమి


నీగతా,
ఫిబ్రవరి ఆఖరి ఆదివారం

షియోమీ,

ముందు వరసలో చివర కుర్చీ ఉంచాను. దాని మీద నీ పేరు రాసిన కాగితం అతికించాను. పాఠం అయ్యాక నేనే చింపాను.

పొద్దున ఓడరేవుకి ఫోన్ చేస్తే గాలివాన, బోటు ఆపామన్నారు. మధ్యాహ్నం బోటు సంగతి అడిగితే చూడాలన్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నువ్వేమోనని చూశాను. బోటు లేక రాలేదో, మనసు లేక రాలేదో నువ్వే చెప్పాలి. ఇప్పుడది తెలిసినా చేసేదేం లేదు.

హాలు నిండిపోయింది. ఆయన బూడిదరంగు సూటు వేసుకొచ్చారు. మొదటి గంట ఎంత బాగా చెప్పారంటే, నేను వేసిన ఉపాయాలకి నాకే సిగ్గేసింది. యుద్ధం రోజుల్లో కాగితం దొరక్క తలుపు మీద బొగ్గుతో లెక్కలు చేసి అత్తగారి చేత తిట్లు తిన్న కథ చెబితే హాలంతా నవ్వింది. సిద్ధాంతం మొత్తం చెప్పారు. ఆఖరి లైను రాశారు. చుక్క పెట్టారు. మా వైపు తిరిగి, "ఎందుకు?" అన్నారు.

అందరూ నవ్వారు. ఆయన బోర్డు వైపు తిరిగారు. నవ్వు ఆగింది. స్టవ్వు మీద నీళ్లు మరుగుతున్నాయి.

ప్రశ్న నా నోట్లోనే ఉంది. 'అలాంటివి రెండున్నాయనుకుంటే' అంటే చాలు. ఆ హాల్లో ఉన్న ప్రతి మనిషికీ జవాబు తెలుసు. లేస్తే ఆయనకి తెలిసిపోతుందని నేను, మాకెందుకులే అని బయటివాళ్లు, నేర్చుకున్న పద్ధతి కదా అని మన పాతవాళ్లు. తిలా పాపం తలా పిడికెడు. అమ్మగారు ఆయన కోటు ఒళ్లో పెట్టుకుని, దాని గుండీలు ఒక్కొక్కటీ పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం.

గంట కొట్టింది. ఆయన మా వైపు తిరిగి, "వచ్చే శనివారం ఈ లైను దగ్గర్నుంచే" అని వంగి నమస్కరించారు.

లేచి నిలబడి చప్పట్లు కొట్టారురా. చాలాసేపు కొట్టారు. విందులో ఒక తోక్యో పెద్దాయన నా భుజం తట్టి, "ఎంత చమత్కారంగా ముగించారండీ. చివరి పాఠానికి చివరంటూ లేదన్నమాట," అన్నాడు. అవునన్నాను. పరువు దక్కిందనే అనుకోవాలి. కానో గారైతే కళ్లు తుడుచుకున్నారు. నేను మరుగుదొడ్డిలోకెళ్లి గడియ పెట్టుకుని నిలబడ్డాను.

హాల్లో బోర్డు సాయంత్రమే తుడిచేశారు. సెమినారు గదిలో మాత్రం ఆ లైనూ, అట్టముక్కా అలాగే ఉన్నాయి. ఇవాళ అమ్మగారు ఫోన్ చేశారు. "ఇక వెళ్లక్కర్లేదని చెప్పి చూశాను. శనివారం శనివారమే కదా అంటున్నారు," అన్నారు. తీసుకురండమ్మా అన్నాను. మార్చి ఆఖరుదాకా ఆ గది ఆయనదే. ఏప్రిల్ నుంచి కొత్తవాళ్లకి ఇవ్వాలి.

వచ్చే శనివారం నేనుండను. తోక్యోలో ఒక సమావేశం ఉంది. ఆ రోజుకి ఎక్కడో ఒకచోట సమావేశం ఉండాలని నేనే వెతికి పెట్టుకున్నాను.

ఇనుయి


ర్యోత్సు,
మార్చి, ఆదివారం

ఒరేయ్ ఇనుయీ,

నువ్వడిగినది ముందు రాస్తాను. ఆ శనివారం పొద్దున రేవులో నిలబడ్డాను. బోటు ఆపామని మైకులో చెప్పారు. నాకు సంతోషమేసింది. మధ్యాహ్నం బోటు సంగతి అడగకుండా ఇంటికొచ్చి పడుకున్నాను. అది బయల్దేరిందో లేదో ఇప్పటికీ కనుక్కోలేదు.

నీ ఉత్తరం గురువారం అందింది. నిన్న పొద్దుటి బోటెక్కాను. ఎవరికీ చెప్పలేదు. తొషి అన్నం ముద్దలు కట్టిచ్చి, "ఈసారి బోటెక్కకుండా వెనక్కి రాకండి" అంది.

గది ఏం మారలేదు. అదే స్టవ్వు, అదే కిరసనాయిలు వాసన. ఆ లైను బోర్డు మీద ఉంది. అట్టముక్క కొత్తది, మన రోజుల్లోది చిరిగిపోయి ఉంటుంది. నువ్వు చెప్పిన హాన్‌జావా ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, "మీరెవరండీ?" అంది. పాత విద్యార్థినన్నాను. "ఎంత పాతండీ?" అంది. జవాబు చెప్పేలోపు మాస్టారూ అమ్మగారూ వచ్చారు.

మాస్టారు చిక్కి చాలా చిన్నగా అయిపోయారురా. ఆ భుజాల మీద ఆ కోటు వేరేవాళ్లది అనిపించింది. నా ముందు ఆగి నమస్కారం చేశారు.

"దూరం నుంచి వచ్చారా?"

"సాదో నుంచండి."

"బోటు నడుస్తోందా?"

"ఇవాళ నడిచిందండి."

"మంచిది," అన్నారు. అంతే. నా ముఖం ఆయనకి దేన్నీ గుర్తుచేయలేదు. ఇన్నేళ్లుగా నేను ఆ మనిషితో మనసులో వాదిస్తూనే ఉన్నాను. స్నానం చేస్తూ, పిల్లల పేపర్లు దిద్దుతూ, రేవులో నడుస్తూ. ఆ వాదనలో రెండోమనిషి ఎప్పుడో లేచి వెళ్లిపోయాడని నిన్న తెలిసింది. ఏడుపొచ్చింది. ఆపుకున్నాను.

ఆయన బోర్డు దగ్గరికి వెళ్లలేదు. నేరుగా కిటికీ పక్క కుర్చీలోకి వెళ్లి కూర్చున్నారు, మన రోజుల్లోలాగే. కళ్లజోడు సర్దుకుని బోర్డు చూశారు. చేతిరాత ఆయనదే. కానీ ఎవరిదో చూస్తున్నట్టు చూశారు.

"ఇవాళ ఎవరు చెబుతున్నారు?" అన్నారు.

హాన్‌జావా అమ్మగారి వైపు చూసింది. అమ్మగారు చేతులు చూసుకుంటున్నారు.

"ఆ లైను ఎవరు రాశారు? ఒక్కటే ఉంటుందట. ఎందుకు?"

ఆ గొంతు మాత్రం మారలేదు. నా వీపు అప్పుడే తడిసింది. ఆయన మళ్లీ, "ఎవరు రాశారు?" అన్నారు. ఈసారి గొంతులో చిన్న భయం ఉంది, ఇంట్లో ఏదో వస్తువు కనపడనివాడి గొంతులాగా.

నేను లేచాను. "నేనేనండి," అన్నాను. వెళ్లి బోర్డు ముందు నిలబడి సుద్దముక్క తీసుకున్నాను.

ఆయన ముఖం తేటపడింది. వెనక్కి ఆనుకుని, కాలు మీద కాలు వేసుకుని, "చెప్పండి," అన్నారు.

చెప్పడానికే నోరు తెరిచాను. జవాబు నాకు తెలుసు, ఆ ప్రశ్నని అన్నివిధాలా సాధన చేసినవాణ్ణి. రెండుంటే అవి కదలకూడదు, దగ్గరవ్వాలి, రెండూ కుదరవు. ఒక్క ఊపిరిలో అయిపోతుంది. అప్పుడు ఆ లైను కింద చూశాను. దాని తర్వాత బోర్డు ఖాళీ. సిద్ధాంతంలో అదే ఆఖరి లైను కదా. నేను చెబితే ఆయన "సరే" అంటారు. అట్టముక్క తీసేస్తారు, బోర్డు తుడుస్తారు, ఆయన కోటు వేసుకుంటారు. ఆపై శనివారానికి ఈ గదిలో ఆయనకి పనుండదు.

నోరు మూసుకున్నాను. జవాబు తెలిసీ నిలబడ్డాను, ఇనుయీ. తెలియక నిలబడడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇది అంతకంటే కష్టం. రెండుసార్లు బయటికి రాబోయింది, పళ్లు బిగబట్టాను. హాన్‌జావా నన్నే చూస్తోంది. ఆ పిల్లకి అర్థమైంది. కాసేపటికి తల వంచుకుని పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటే ఈసారి నాకు కోపం రాలేదు.

నడుమ ఒకసారి మాస్టారు, "తొందరేం లేదు, ఆలోచించండి," అన్నారు. నన్ను నిలబెట్టిన రోజుల్లో ఆ మాట అనలేదు. అన్నారేమో, నాకు వినపడలేదేమో. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. అలా కూర్చున్నంతసేపూ ఆయన వెనకటి మాస్టారిలాగే ఉన్నారు. అమ్మగారు చేతుల మీదినుంచి చూపెత్తి ఆయన్నే చూస్తూ కూర్చున్నారు.

గంట కొట్టింది. ఆయన లేచి కోటు వేసుకున్నారు. గుండీలు తప్పు పెట్టుకున్నారు, అమ్మగారు సరిచేయలేదు. "వచ్చే శనివారం ఈ లైను దగ్గర్నుంచే," అన్నారు. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగారు.

"మీ పేరేమిటన్నారు?"

"షియోమి అండి."

"షియోమి గారూ, ఇలాంటిచోట ఆగిపోయినవాళ్లు కొంతమంది మానేస్తారు. మీరు మానేయకండి."

"మానేయనండి," అన్నాను.

బోటులో తిరిగొస్తూ అన్నం ముద్దలు తిన్నాను. పొద్దున తినడం మర్చిపోయాను.

వచ్చే శనివారం ఏం గుర్తుంటుందో, అసలు గది దాకా రాగలరో తెలియదు. ఎన్నాళ్లు రాగలరో అమ్మగారికీ తెలియదు. జ్ఞాపకం రోజురోజుకీ తగ్గేదే కానీ పెరిగేది కాదు, ఆ మాట ఆవిడే అన్నారు. అందుకని నీకొక పని చెబుతున్నాను. ఆ శాఖలో గదులు పంచేది నువ్వే. ఏప్రిల్ నుంచి కూడా శనివారాలు ఆ గదిని సెమినారు పేరున రాయి. కానో గారు ఎవరు చెబుతున్నారని అడిగితే నా పేరు చెప్పు. దేని మీదని అడిగితే ఆ లైను చెప్పు. సముద్రం ఊరుకున్నన్ని వారాలూ నేను పొద్దుటి బోటుకి వస్తాను. ఊరుకోనప్పుడు నువ్వు లేచి 'నేనే రాశాను' అను.

మిగతా శనివారాలు నువ్వూ వచ్చి కూర్చో. పెన్సిలు తెచ్చుకో. జవాబు మాత్రం ఎవరికీ అందించకు.

నీ
షియోమి